ఎర్రల మేపు, కాపుదల



ఆవును మేపుట, గొర్రెను మేపుట, కోడిని పెంచుట మనము తరతరములుగా ఎరిగినదే. ఎర్రలను మేపుట యనిన మాత్రము వినువారికి కొంత వింతగా తోచవచ్చును. కొన్నిచోట్ల వానపాములనియు, మన వైపున ఎర్రలనియు పిలువబడు నీ జీవులను గాలమునకు గ్రుచ్చుటకు తప్ప మనము చేతబట్టి యుండము. తొలకరి చినుకు పడగానే నేలనుండి వెడలి, ఎండ రాగానే మరల అణగిపోవు నీ ప్రాణికి మేత యేమి, కొట్టమేమి, కాపుదల యేమి యని మీరడుగవచ్చును. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరమే నేటి నా ప్రసంగము. ఎర్ర యొక పశువు. దానికి నోరున్నది, ఆకలి యున్నది. నీడ కావలయును, నీరు కావలయును, శత్రువులనుండి రక్షణ కావలయును. ఈ మాటను మనస్సున నుంచుకొన్నవాడు దానిని చక్కగా సాకగలడు. దానిని యంత్రముగా నెంచి, ఒకప్రక్క చెత్త వేసి వేరొకప్రక్క ఎరువు తీసికొందమని తలచినవాడు కొలది దినములలోనే తన తొట్టె ఖాళీయగుట చూచును.

మా జోగిపేట పేరు చెప్పగానే, 1930లో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ఇచ్చట జరిగిన ప్రథమ నిజాము రాష్ట్రాంధ్ర మహాసభ మీలో పలువురకు జ్ఞప్తికి వచ్చును. ఆ దినములలో సేద్యగాండ్రకు ఎరువును గూర్చి యింత చెప్పవలసిన పని లేకుండెను. ఎడ్లు లేని సేద్యము లేదు. ఎడ్లున్నచోట పేడ యున్నది. పేడ యున్నచోట పెంటకుప్ప యున్నది. ఎండకాలమున బండ్లమీద పెంట తోలుట సేద్యములో మొదటి పనిగా నుండెను. నేడు దున్నుట ట్రాక్టరు పాలైనది. ఎద్దుతోపాటు పేడయు తగ్గినది. కోత యంత్రము పొలముననే విడిచిపోయిన వరిగడ్డిని, ప్రత్తి కట్టెను అనేకులు కాల్చివేయుచున్నారు. నేలకు తిరిగి చేరవలసిన తిండి పొగయై పోవుచున్నది. మన మెట్ట ప్రాంతపు చెలకలలో సేంద్రియ కర్బనము నూటికి అర పాలునకు లోపుగా నుండుట సాధారణమైనది. అట్టి నేల వానను పట్టి నిలుపుకొనజాలదు. వేసిన ఎరువును సైతము దాచుకొనజాలదు. ఉన్న కొంచెము పేడను, కాల్చివేయు చెత్తతో కలిపి, నాలుగింతలు పనికి వచ్చునట్లు చేయు నుపాయము కావలసియున్నది. ఆ యుపాయములలో నొకటి యీ ఎర్రల పోషణము.

ముందుగా ఒక భ్రమను తొలగించెదను. ఎర్ర శూన్యమునుండి సారమును సృజింపదు. మీరు పెట్టిన మేతలో నున్నదే అది యెరువుగా మార్చి యిచ్చును. వంద కిలోల సగము కుళ్లిన చెత్తను, పేడను పెట్టినచో సుమారు సగము తూకము ఎరువు చేతికి వచ్చును. మంచి ఎర్రల ఎరువు ఒక టన్నులో నత్రజని పది మొదలు పదునైదు కిలోల వరకుండును. 45 కిలోల యూరియా సంచిలో సుమారు 20 కిలోల నత్రజని యుండును. కావున నత్రజని లెక్కయే చూచుకొన్నచో టన్ను ఎరువు ఒక్క సంచికిని సరిపోదు. మరి దాని విలువ యెందున్నది? అది నేలకు తిండి. నేలను గుల్లపరచును, తేమను పట్టి యుంచును, భాస్వరమును, పొటాషును, సూక్ష్మ పోషకములను కొంచెము కొంచెముగా వేళ్లకందించును, మంటిలోని సూక్ష్మజీవులకు నిలువ నీడ యిచ్చును. యూరియా సంచి యీ పనులను చేయలేదు. ఈ తారతమ్యము తెలిసి మొదలుపెట్టినవాడు నిరాశ చెందడు.

ఎర్రలన్నియు నొక జాతివి కావు. కొన్ని నేల లోతున బొరియలు త్రవ్వుకొని మట్టిని తిని బ్రతుకును. మన పొలములలో వానకాలమున కనిపించు పెద్దవి తరచుగా ఈ తెగకు చెందినవి. మరికొన్ని నేలపైననే, రాలిన ఆకులలోను, పేడకుప్పల క్రిందను నివసించుచు, కుళ్లుచున్న పదార్థమును తినును. ఎరువు చేయుటకు మనము పెంచవలసినవి యీ రెండవ తెగవి. పొలములో త్రవ్వి తెచ్చిన మట్టి యెర్రలను చెత్త తొట్టెలో వేసినచో అవి నిలువవు. అట్లే తొట్టెలోని ఎర్రలను వట్టి చెలకలో వదలినచో వాటికి తిండి లేక, నీడ లేక చచ్చును. ఎవరి యిల్లు వారిది.

పెంపకమునకు మన దేశమున మూడు జాతులు ప్రసిద్ధముగా నున్నవి. ఒళ్లంతయు చారలు గల ఎర్రని చిన్నది యొకటి; దానిని శాస్త్రజ్ఞులు ఐసీనియా ఫెటిడా యందురు. ఆఫ్రికా ఖండమునుండి వచ్చిన పొడవైనది యూడ్రిలస్ యూజీనియే. మన దేశపుదే యైన నీలివన్నె గలది పెరియోనిక్స్ ఎక్స్కవేటస్. ఆఫ్రికా జాతి మిక్కిలి తిండిపోతు, వేగముగా పెరుగును. కాని చలికి తాళలేదు. మన సంగారెడ్డి జిల్లాలో మార్గశిర పుష్య మాసములలో రాత్రి చలి యెట్లుండునో మీకు చెప్పనక్కరలేదు. చారల ఎర్ర చలికి కొంత ఓర్చుకొనును. కావున ఒక్క జాతినే నమ్ముకొనక, చారలదానిని తప్పక చేర్చుకొనుట మేలు.

ఇక దీని శరీర ధర్మమును కొంచెము తెలిసికొనవలెను. ఏలయన కాపుదల సూత్రములన్నియు అందుండియే పుట్టును. ఎర్రకు ఊపిరితిత్తులు లేవు. చర్మముతోనే గాలిని పీల్చుకొనును. ఆ చర్మము తడిగా నున్నంతవరకే ఊపిరి యాడును. ఎండినచో ఊపిరి యాగును. చుట్టును నీరు నిలిచి గాలి యాడకున్నను చచ్చును. దానికి కన్నులు లేవు గాని వెలుతురును ఒంటితో గుర్తించి చీకటిలోనికి పోవును. పండ్లు లేవు. కోడి కడుపులోని కందనకాయ వంటి దొకటి దాని కడుపులోను కలదు. మ్రింగిన సన్నని యిసుక రేణువులతో తిండిని అందులో నూరుకొనును. కావుననే తొట్టెలో అప్పుడప్పుడు గుప్పెడు సన్న యిసుకయో, మెత్తగా నూరిన గ్రుడ్డు పెంకుల పొడియో చల్లుట మంచిది.

ఒకే యెర్రలో ఆడతనము, మగతనము రెండును గలవు. ఐనను సంతానమునకు రెండు ఎర్రలు కూడవలసినదే. ఈడు వచ్చిన ఎర్ర మెడవైపున దళసరి పట్టె యొకటి కనుపించును. ఆ పట్టెనుండియే చిన్న గింజవంటి గుడ్డుసంచి ఏర్పడును. చారల ఎర్ర గుడ్డుసంచినుండి సుమారు మూడు వారములకు రెండు మూడు పిల్లలు వెలువడి, ఒకటిన్నర రెండు నెలలలో ఈడునకు వచ్చును. ఎర్రను రెండుగా నరికిన రెండు ఎర్రలగునని పలుచోట్ల అనుకొనుట కలదు. అది నిజము కాదు. తలవైపు ముక్క ఒకవేళ బ్రతికినను తోకవైపు ముక్క నశించును. కనుక తొట్టెలో గడ్డపార, పార వాడరాదు. చేతితోనో, మొనలు మొద్దుగా నున్న దంతెతోనో కదలింపవలెను.

కొట్టము సంగతి చెప్పెదను. చెట్టునీడయో, గడ్డి కప్పిన పందిరియో చాలును. రేకుల కప్పు వేసినచో వేసవిలో దానిపై చొప్పనో, తాటాకునో పరువవలెను. తొట్టె పొడవు 10 అడుగులు, వెడల్పు 3 అడుగులు, ఎత్తు 2 అడుగులు చాలును. పొడవు మీ వీలునుబట్టి పెంచుకొనవచ్చును గాని వెడల్పు మాత్రము 3 అడుగులకు మించరాదు; రెండు ప్రక్కలనుండి చేయి నడుమకు అందవలెను గదా. మన ప్రాంతమున షాబాదు బండలు సులభముగా దొరకును. వాటిని నిలువుగా పాతి తొట్టె కట్టుకొనవచ్చును. అడుగున బండ పరచి, కొంచెము వాలు పెట్టి, నీరు పోవుటకు సన్నని జాలి బిగించిన రంధ్రము నుంచవలెను. చేతిలో డబ్బు లేనివారు బండలు లేకయే, గట్టి నేలమీద కుప్పగా పోసి గోనెపట్టా కప్పినను పని జరుగును. తొట్టె గొప్పదనము ఎర్రకు పట్టదు. నీడ, తేమ, మేత పట్టును.

అడుగున మూడు నాలుగంగుళముల మందమున వరిగడ్డియో, కొబ్బరి పీచో పరచి తడుపవలెను. దానిపై సగము మాగిన పేడను అరడుగు ఎత్తున పోయవలెను. ఒకటి రెండు దినములు అట్లే యుంచి, చేయి లోనికి చొప్పించి చూడవలెను. వెచ్చగా తగిలినచో ఎర్రలను వదలరాదు. చల్లగా నున్న పిదపనే వదలవలెను. నేను చెప్పిన కొలత తొట్టెకు మూడు కిలోల ఎర్రలు చాలును. కిలోకు ఈడు వచ్చినవి సుమారు వేయి తూగును. వాటిని పైన చల్లినచో తమంతట తామే లోనికి దూరును. గంటలోపల దూరనిచో పరుపులో ఏదో లోపమున్నదని గ్రహింపవలెను. తరువాత తడిపిన గోనెపట్టా కప్పవలెను.

ఇప్పుడు ముఖ్యమైన మేత విషయమునకు వచ్చుచున్నాను. ఎర్ర పచ్చి పదార్థమును తినదు. చెత్తలో ముందు సూక్ష్మజీవులు పుట్టి దానిని మెత్తబరుపవలెను. ఆ సూక్ష్మజీవులతో సహా ఎర్ర తినును. పచ్చి పేడను గాని, పచ్చి ఆకును గాని కుప్పగా పోసినచో అది కుళ్లునపుడు వేడి పుట్టును. ఆ వేడికి ఎర్రలు ఉడికిపోవును. కావున మేతను వేరొకచోట ముందే వండవలెనని చెప్పుదును. పేడను, ముక్కలు చేసిన ఆకు అలములను పొరలు పొరలుగా పేర్చి, నీరు చల్లి, 15 మొదలు 20 దినములు మాగనీయవలెను. నడుమ ఒకటి రెండు పర్యాయములు తిరుగవేయవలెను. వేడి దిగి, పచ్చివాసన పోయినప్పుడు మేత సిద్ధమైనదని తెలియవలెను. గోబరు గ్యాసు తొట్టినుండి వచ్చు పేడమడ్డి దొరికినచో అది మేలైన మేత. ఏలయన దాని వేడి ముందే చల్లారి యుండును.

పేడ ఒక పాలైనచో మాగిన ఆకుచెత్త ఒకటి రెండు పాళ్లు కలుపవచ్చును. ఎండు పదార్థమున కర్బనము హెచ్చు, పచ్చి పదార్థమున నత్రజని హెచ్చు. కర్బనము ముప్పది పాళ్లకు నత్రజని ఒక పాలున్నచో కుళ్లుట సరిగా సాగును. ఇది తూచి చూచుకొనవలసిన పని కాదు. వట్టి గడ్డియే వేసినచో ఎన్ని దినములైనను అట్లే పడియుండును. వట్టి పచ్చి ఆకే వేసినచో కంపు కొట్టును. రెండును కలిపినచో సరిపోవును. జొన్నచొప్ప తుక్కు, కంది ఆకు, పెసర మినుము పొట్టు, చెరకు ఆకు, అరటి బోదెలు, కూరగాయల తొక్కలు, రాలిన చెట్ల ఆకు, ఇవన్నియు పనికి వచ్చును. ప్రత్తి కట్టె గట్టిది. సన్నగా నరికి, చాలకాలము మాగబెట్టినగాని పనికి రాదు. పొలము గట్లమీద గిరిపుష్పము నాటుకొన్నచో ఏటేట మూడు నాలుగు మారులు కొమ్మలు నరికి మేతకు వాడుకొనవచ్చును.

మన బీళ్లను, బాటలను ఆక్రమించిన వయ్యారిభామ యను కలుపు మొక్కను మీరందరు ఎరుగుదురు. పశువు దానిని ముట్టదు. మనుష్యునకు దురదయు, ఉబ్బసమును కలిగించును. దానిని సైతము ఎర్రకు మేతగా చేయవచ్చును. కాని పూత రాకముందే పెరికి, చేతులకు తొడుగులు తొడిగికొని, పేడతో కలిపి బాగుగా మాగబెట్టవలెను. పూత వచ్చి గింజ కట్టినదానిని వేసినచో ఎరువుతోపాటు విత్తనమును గూడ పొలమునకు మోసినవారమగుదుము.

ఎంత మేత పెట్టవలెను? ఎర్ర దినమునకు తన తూకములో సగము తినునని స్థూలముగా లెక్క. మూడు కిలోల ఎర్రలకు దినమునకు కిలోన్నర. కాని ప్రతిదినము తూచి పెట్ట నక్కరలేదు. వారమున కొకటి రెండు మారులు రెండు మూడంగుళముల మందమున పలుచగా పరువవలెను. పైపొర నల్లని టీపొడివలె మారిన పిదపనే మరల వేయవలెను. మందముగా వేసినచో మరల వేడి పుట్టును. ఎర్రల సంఖ్య హెచ్చినకొలది మేత హెచ్చింపవలెను. పశువునకు కడుపునిండ పెట్టుట మంచిదే గాని, నోటిముందు కుప్ప పోసి కుళ్లబెట్టుట మంచిది కాదు గదా.

పెట్టరాని వస్తువులు కొన్ని గలవు. ఉప్పు, నూనె, కారము కలిసిన వంట పదార్థము, ఊరగాయ, మాంసము, చేప వేయరాదు. నిమ్మతొక్కలు, చింతపండు పిప్పి వంటి పుల్లనివి హెచ్చుగా వేయరాదు. కోళ్ల ఎరువులో అమ్మోనియా యను ఘాటైన వాయువుండును. నెలలకొలది మాగనిది ఎర్రలకు విషము. ప్లాస్టికు సంచుల ముక్కలు, గాజుపెంకులు ఏరివేయవలెను.

పెద్దలు ప్రత్యేకముగా గమనింపవలసిన విషయము మరియొకటి గలదు. పశువులకు కడుపులోని పురుగులు పోవుటకును, పేలు, గోమార్లు పోవుటకును మందు వేయింతుము. ఐవర్మెక్టిను వంటి మందులు కొన్ని వారములవరకు పేడలో వెడలుచుండును. పశువు కడుపులోని పురుగును చంపిన మందు తొట్టెలోని ఎర్రను విడిచిపెట్టునా? కావున మందు వేసిన పశువు పేడను కొన్ని వారములు వేరుగా పోసి, పొలపు పెంటలో కలుపుకొనవలెను, ఎర్రలకు పెట్టరాదు. అట్లే క్రొత్తగా పురుగుమందు చల్లిన చేని ఆకును, కలుపుమందు చల్లిన గడ్డిని మేతలో చేర్చరాదు.

ఇక్కడ మన ప్రాంతమునకు చెందిన మాట యొకటి చెప్పక తప్పదు. మనకు తూర్పు దక్షిణముగా పటాన్చెరువు, బొల్లారము పారిశ్రామిక వాడలున్నవి. పటాన్చెరువు ప్రాంతపు వ్యర్థ జలములచేత నక్కవాగు వెంబడి గ్రామముల బావులు, చెరువులు, పొలములు చెడిపోయిన చరిత్ర మీకు తెలిసినదే. 1990లో ఆ వ్యాజ్యము దేశపు అత్యున్నత న్యాయస్థానము వరకు పోయినది. ఆ నీటితోపాటు వచ్చు సీసము, కాడ్మియము వంటి భార లోహములకు కుళ్లుట యన్నది లేదు. ఎర్ర వాటిని మ్రింగిన యెడల కొంత దాని ఒంటిలో చేరును, కొంత ఎరువులో నిలుచును. అందుండి పంటకును, పంటనుండి మన కంచమునకును వచ్చును. ఎర్ర చెత్తను శుద్ధి చేయునను మాట ఆకునకు, పేడకు చెల్లును గాని లోహములకు చెల్లదు. కావున కర్మాగారముల బురద యుచితముగా దొరకినను, బండి కూలి వారే యిచ్చినను దానిని తొట్టెకు రానీయవద్దు. రంగునీరు పారిన వాగు గడ్డిని, బాయిలరు బూడిదను సైతము దూరముగా నుంచవలెను. ఎర్రకు పెట్టు మేతయే రేపు మన మనుమల మేత యని తలచినచో ఏది పెట్టవలెనో, ఏది పెట్టరాదో ఒకరు చెప్ప నక్కరలేదు.

నీటి విషయము. గుప్పెడు పదార్థమును తీసి గట్టిగా పిడికిలి బిగించినచో ఒకటి రెండు చుక్కలు మాత్రమే కారవలెను. ధారగా కారినచో నీరు హెచ్చు. ఏమియు కారకున్నచో తక్కువ. నీటిని కుండతో గుమ్మరింపరాదు. చిల్లుల డబ్బాతో చిలుకరింపవలెను. వానకాలమున రెండు మూడు దినముల కొకసారి, చలికాలమున దినము విడిచి దినము, వేసవిలో ఉదయము సాయంకాలము రెండు పూటలు చల్లవలసియుండును.

వేడిమి 20 డిగ్రీలు మొదలు 30 డిగ్రీల వరకు ఎర్రకు సుఖము. 35 దాటినచో బాధపడును. మన ఊరిలో వైశాఖ జ్యేష్ఠ మాసములలో ఎండ 40 డిగ్రీలు దాటుట మామూలే. ఆ రెండు నెలలు గడచినచో ఎర్రలు దక్కినట్లే. అప్పుడు పందిరికి పడమటి వైపున తడక కట్టవలెను. గోనెపట్టాలు రెండు పొరలు కప్పి తడుపుచుండవలెను. క్రొత్త మేత తక్కువగా వేయవలెను. విత్తనముగా కొన్ని ఎర్రలను చెట్టు మొదట పాతిన కుండలో, పేడ నింపి, వేరుగా దాచుకొనుట తెలివైన పని. వానకాలమున పైనుండి జల్లు పడకుండను, క్రిందనుండి వరద రాకుండను చూడవలెను. చలికాలమున గడ్డి కప్పు మందము చేసిన చాలును.

శత్రువులలో మొదటిది చీమ. తొట్టె చుట్టును నాలుగంగుళముల కాలువ తీసి నీరు నిలిపినచో చీమలు రావు. వెలుపలి గోడలకు పసుపు కలిపిన నీరు చల్లువారును గలరు. ఆ నీరు లోపల పడరాదు. కోడికి ఎర్ర యనిన ప్రాణము. కప్ప, తొండ, ఎలుక, పంది కూడ పొంచియుండును. పైన వెదురు తడకయో, తీగె జాలియో బిగించుకొన్నచో వీటి బాధ యుండదు.

పశువు నోరు లేనిదైనను దాని బాధ మనకు తెలియును. ఎర్ర బాధయు అట్లే తెలిసికొనవచ్చును. గోడలమీదికి ప్రాకి పారిపోవుచున్నచో లోపల వేడియో, పులుపో, హెచ్చు నీరో యున్నదని యర్థము. అన్నియు ఒక మూలకు చేరి ముద్దకట్టినచో మిగిలినచోట ఎండిపోయినదో, పాడైపోయినదో చూడవలెను. కుళ్లు కంపు వచ్చినచో గాలి యాడుట లేదు. మేత నాపి, చేతితో గుల్లచేసి, ఎండుగడ్డి ముక్కలు కలుపవలెను. సన్నబడి పాలిపోయినచో మేత చాలలేదు. వారమున కొకమారు పట్టా తీసి చేయి పెట్టి చూచువానికి ఈ సంకేతములన్నియు తమంతట తామే పట్టుబడును. మంచి తొట్టెకు కంపు లేదు. తొలి వాన పడిన మంటి వాసన మాత్రమే యుండును.

రెండు నెలలకు మేత నల్లబడి, టీపొడివలె పొడిపొడిగా నగును. అప్పుడు మూడు నాలుగు దినములు నీరు చల్లుట మానవలెను. పై భాగము ఆరును. ఎర్రలు తేమను వెదకికొనుచు క్రిందికి దిగును. పైపొరను చేతులతో మెల్లగా ఎత్తి, నీడలోనే శంఖాకారముగా కుప్పలు పోసినచో మిగిలిన ఎర్రలును అడుగునకు చేరును. పై ఎరువును తీసి జల్లెడ పట్టవలెను. జల్లెడలో మిగిలిన ఎర్రలను, గుడ్డుసంచులను, అరగని తునకలను మరల తొట్టెలో వేయవలెను. ఎరువును ఎండబెట్టరాదు, అందలి సూక్ష్మజీవులు నశించును. కొంచెము తేమతో గోనెసంచులలో నింపి నీడ నుంచవలెను.

ఎకరమునకు ఒక టన్ను మొదలు రెండు టన్నుల వరకు వాడుట వాడుకలో నున్నది. అంత యెరువు మొదటి యేడు మీకు రాదు. కావున దానిని చెలకంతయు చల్లి కనబడకుండ చేసికొనక, నారుమళ్లకు, కూరగాయల పాదులకు, పసుపు, మిరప సాళ్లకు, మామిడి జామ మొదళ్లకు వేయుడు. పొలమునకు పెంట తోలుట మానవద్దు. ఇది పెంటకు తోడు గాని బదులు కాదు.

ఎర్ర గొప్పదనమును లోకమునకు శాస్త్రరీత్యా చాటినవాడు చార్లెసు డార్విను. 1881లో, తన జీవితాంతమున, ఎర్రలు నేలను చేయు విధమును గూర్చి యొక గ్రంథము ప్రకటించెను. ఇంగ్లండులో పలుచోట్ల ఎకరమునకు ఏటేట పది టన్నులకు మించిన మన్ను ఎర్రల కడుపులగుండ పోవుచున్నదని లెక్క తేల్చెను. మన దేశమున 1924 తరువాత ఇండోరులో ఆల్బర్టు హోవర్డు దొర చెత్తను, పేడను కలిపి యెరువు చేయు పద్ధతిని నిలబెట్టెను. నేడు మనకు అంత దూరము పోనక్కరలేదు. 1972లో పటాన్చెరువున నెలకొన్న మెట్టపంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ, ఇక్రిశాటు, మన పొరుగుననే యున్నది. ఆ సంస్థ తోడ్పాటుతో శంకరపల్లి దగ్గరి కొత్తపల్లిలో 1999లో వాననీటి పరిరక్షణ కార్యక్రమము మొదలైనది. అందులో భాగముగా అచ్చటి స్త్రీల సంఘములు ఎర్రల ఎరువును చేసి అమ్మి, దానిని ఆదాయ మార్గముగా చేసికొనినవి. గిరిపుష్పపు ఆకును, వయ్యారిభామను మేతలో వాడుట ఆ పనిలోనిదే. జహీరాబాదు వైపున పస్తాపురము కేంద్రముగా 1983నుండి దక్కను డెవలపుమెంటు సొసైటీ స్త్రీలు రసాయనిక ఎరువులు లేక, పలు పంటలు కలిపి మెట్టసేద్యము సాగించుచు, ఆ కృషికి 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటరు బహుమతి నందిరి. వీరు సంపన్నులు కారు. చదువు లేనివారు, కొద్ది భూమి గలవారు అనేకులు. నేలకు తిండి పెట్టవలెనను పట్టుదల యొక్కటే వారి మూలధనము.

కడపట ఒక హెచ్చరిక. ఎర్రలను కొనుడు, పిల్లలను మేమే హెచ్చు ధరకు తిరిగి కొందుమని చెప్పు వ్యాపారుల మాటలు నమ్మి అప్పు చేయవలదు. ఎర్రలు తమంతట తామే పెరుగును. పెరుగు వస్తువునకు హెచ్చు ధర చిరకాలము నిలువదు. మీరు కోరవలసిన లాభము ఎరువు. మొదట ఒక చిన్న తొట్టె, ఒకటి రెండు కిలోల ఎర్రలు చాలును. ఒక వేసవి గడచి అవి బ్రతికి నిలిచిన పిదప రెండవ తొట్టె కట్టుకొనుడు. మిగిలిన ఎర్రలను ఇరుగుపొరుగువారికి, మంచి విత్తనము పంచినట్లు, ఒక్కొక్క తట్ట పంచుడు.

గ్రామ పెద్దలైన మీకు నా విన్నపమిది. యువకులు ఫలితము త్వరగా కోరుదురు. ఈ పని ఓర్పుగలవారిది. దినమునకు అరగంట చాలును. బరువు మోయ నక్కరలేదు. వంగి చేయి పెట్టి తడి చూచుట, నీరు చిలుకరించుట, గుప్పెడు మేత చల్లుట, ఇవి పెద్దవారు చేయదగిన పనులు. ఊరిలో ఒక్క ఇంటి దొడ్డిలో నల్లని ఎరువు కుప్ప కనుపించినచో, పొలమున గడ్డికి నిప్పు పెట్టబోవు పదిమంది చేతులైనను ఒక నిమిషము ఆగును. ఈ వేసవిలో పందిరి వేసికొని, మేతను మాగబెట్టుకొనుడు. తొలకరి చల్లబడగానే ఎర్రలను వదలుడు.